స్వదేశీ దంత ఇంప్లాంటుకు ఉపరితలమే అగ్నిపరీక్ష

న్యూఢిల్లీ: ఊడిపోయిన పంటి స్థానంలో దవడ ఎముకలో బిగించే టైటానియం మరను దేశంలోనే తయారు చేయవచ్చునని ఢిల్లీకి చెందిన ఇంజనీర్లు, దంత వైద్యులు నిరూపించి చాలాకాలమే అయింది. అయినప్పటికీ రాజధానిలోనూ, దానిని ఆనుకుని ఉన్న గురుగ్రామ్, నోయిడా, ఘజియాబాద్, ఫరీదాబాద్ నగరాలలోనూ ఈ చికిత్స కోరి వచ్చే రోగి ముందు స్విట్జర్లాండ్, స్వీడన్, దక్షిణ కొరియా, ఇజ్రాయెల్ దేశాల తయారీలే ప్రముఖంగా నిలుస్తున్నాయి. లోహం ఒకటే. ఆకారం ఇంచుమించు ఒకటే. ధరలో మాత్రం వేల రూపాయల వ్యత్యాసం ఉంటున్నది. ఈ వ్యత్యాసానికి బ్రాండు పేరు ఒక కారణం కాగా, ఆ మర ఉపరితలానికి చేసే శుద్ధి, ఆ శుద్ధి ఫలితాన్ని ఏళ్ల తరబడి నమోదు చేసిన రికార్డు మరో ముఖ్య కారణం. స్వదేశీ ఇంప్లాంటు భవితవ్యం కూడా ఈ రెండో అంశంపైనే ఆధారపడి ఉన్నది.

ఒక పంటికి అయ్యే ఖర్చు సాధారణంగా పదుల వేల రూపాయలలో ఉంటుంది. చాలా ఆరోగ్య బీమా పాలసీలు ఈ వ్యయాన్ని భరించవు. పింఛనుపై బతికే వృద్ధ దంపతులు, మధ్యతరగతి ఉద్యోగులు సొంత జేబులో నుంచే చెల్లించవలసి వస్తున్నది. ఆ సొమ్ముకు తగిన వస్తువు తమ దవడలోకి వెళ్లిందో లేదో తెలుసుకునే మార్గం వారికి లేదు. ఇంప్లాంటు గుణాన్ని నిర్ణయించే పొర కంటికి కనిపించదు. ఒకసారి ఎముకలోకి దిగిన తర్వాత దానిని పరీక్షించడమూ సాధ్యం కాదు.

ఎముకతో లోహానికి పొత్తు

టైటానియం, ఎముక ఒకదానినొకటి అంటిపెట్టుకుంటాయన్న విషయం మరో పరిశోధనలో బయటపడింది. స్వీడన్ శాస్త్రవేత్త పెర్ ఇంగ్వార్ బ్రానెమార్క్ 1952 ప్రాంతంలో కుందేలు ఎముకలో రక్తప్రసరణను పరిశీలించేందుకు టైటానియం పరికరాన్ని అమర్చారు. ప్రయోగం ముగిసిన తర్వాత దానిని ఊడదీయడం సాధ్యం కాలేదు. ఎముక లోహాన్ని గట్టిగా పట్టుకున్నది. ఈ పరిశీలనే తర్వాత దంత వైద్యానికి దారి చూపింది. 1965లో గోథెన్‌బర్గ్ నగరంలో తొలి రోగికి టైటానియం ఇంప్లాంట్లు అమర్చారు. అవి ఆ రోగి 2006లో మరణించేవరకు, అంటే నలభై ఏళ్లకు పైగా పనిచేశాయి. 1982లో కెనడాలోని టొరంటోలో జరిగిన సదస్సు అనంతరం ఈ విధానానికి అంతర్జాతీయ ఆమోదం లభించింది.

ఈ పొత్తుకు కారణం లోహంపై సహజంగా ఏర్పడే ఆక్సైడ్ పొర. గాలి తగిలిన మరుక్షణమే టైటానియంపై కొద్ది నానోమీటర్ల మందంగల టైటానియం ఆక్సైడ్ పరచుకుంటుంది. తుప్పు నుంచి లోహాన్ని కాపాడేది, శరీరం దానిని పరాయి వస్తువుగా తిరస్కరించకుండా చూసేది ఈ పొరే. అంటే ఎముక కణాలు నిజానికి తాకేది లోహాన్ని కాదు, దానిపై ఉన్న ఆక్సైడునే. ఉపరితల శుద్ధికి ఇంత ప్రాముఖ్యం రావడానికి మూలం ఇక్కడే ఉన్నది.

నునుపు నుంచి గరుకుకు

తొలితరం ఇంప్లాంట్లు లేత్ మిషన్‌పై కోసిన నునుపు మరలు. వాటిని బిగించిన తర్వాత కింది దవడలో మూడు నెలలు, పై దవడలో ఆరు నెలలు ఆగి, ఆ పైననే పన్ను తొడుగు అమర్చేవారు. గట్టి ఎముకలో ఫలితాలు బాగున్నప్పటికీ, మెత్తని ఎముకలో వైఫల్యాలు అధికంగా ఉండేవి. 1991లో వెలువడిన ఒక అమెరికన్ పరిశీలన ప్రకారం, అతి మెత్తని ఎముకలో అమర్చిన నునుపు ఇంప్లాంట్లలో 35 శాతం ఐదేళ్ల వ్యవధిలో విఫలమయ్యాయి. మిగిలిన రకాల ఎముకలలో వైఫల్యం దాదాపు మూడు శాతమే.

అదే ఏడాది స్విట్జర్లాండ్ పరిశోధకులు పొట్టి జాతి పందులపై జరిపిన ప్రయోగం ఈ రంగాన్ని మలుపు తిప్పింది. వివిధ ఉపరితలాలు గల ఇంప్లాంట్లను అమర్చి, కొద్ది వారాల తర్వాత ఎముక ఎంతమేర లోహాన్ని అంటుకున్నదో వారు కొలిచారు. నునుపు ఉపరితలంపై ఇది 20 నుంచి 25 శాతం వరకే ఉండగా, కణధారతో గరుకుచేసి ఆపై ఆమ్లంతో తినిపించిన ఉపరితలంపై 50 నుంచి 60 శాతం వరకు ఉన్నట్లు తేలింది.

ఈ శుద్ధి విధానం చెప్పుకోవడానికి సరళమైనదే. ముందుగా అల్యూమినా గరుకు కణాలను వేగంగా ధారకట్టించి మరపై కొడతారు. దానివల్ల మైక్రాన్ల పదులలో కొలిచే గుంటలు ఏర్పడతాయి. తర్వాత వేడి హైడ్రోక్లోరిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల మిశ్రమంలో ముంచుతారు. పెద్ద గుంటల లోపల ఒకటి రెండు మైక్రాన్ల చిన్న గుంటలు పుడతాయి. మిల్లీమీటరులో వెయ్యవ వంతును మైక్రాన్ అంటారన్నది గమనిస్తే ఈ పని ఎంత సూక్ష్మమైనదో అర్థమవుతుంది.

ఇంప్లాంటు బిగించగానే గాయంలోని రక్తం ఈ గుంటలలోకి చేరి గడ్డకడుతుంది. ఆ గడ్డలోని పీచు పోగులు గరుకు ఉపరితలాన్ని గట్టిగా పట్టుకోగా, వాటిని ఆసరా చేసుకుని ఎముకను నిర్మించే కణాలు లోహం వరకు చేరుకుంటాయి. మొదట మర బిగువు వల్ల కలిగిన స్థిరత్వం పాత ఎముక కరగడంతో కొన్ని వారాలలో తగ్గుతుంది. కొత్త ఎముక ఇచ్చే స్థిరత్వం ఈలోగా పెరుగుతూ వస్తుంది. మూడు నాలుగు వారాల ప్రాంతంలో వచ్చే ఈ బలహీన దశను త్వరగా దాటించడమే గరుకు ఉపరితలం చేసే మేలు. 1990 దశకం చివరలో ఇటువంటి ఇంప్లాంట్లు మార్కెట్టులోకి వచ్చాక నిరీక్షణ కాలం ఆరు నుంచి ఎనిమిది వారాలకు తగ్గింది.

ఆ తర్వాత పోటీ ముదిరింది. 2000 సంవత్సరంలో స్వీడన్ సంస్థ విద్యుద్రసాయన ప్రక్రియతో ఆక్సైడ్ పొరను మందంగా, రంధ్రాలతో పెంచిన ఉపరితలాన్ని ప్రవేశపెట్టింది. ఫ్లోరైడుతో శుద్ధి చేసిన మరో రకం 2004లో వచ్చింది. గాలిలోని కర్బన మలినాలు అంటకుండా ఉప్పునీటి ద్రావణంలో భద్రపరచే ఇంప్లాంటును 2005లో స్విస్ సంస్థ విడుదల చేసి, నిరీక్షణ మూడు నాలుగు వారాలకు తగ్గుతుందని ప్రకటించింది.

గరుకుదనానికీ హద్దు

అయితే ఎంత గరుకు ఉంటే అంత మేలు అనుకోవడం పొరపాటని అనుభవం నేర్పింది. కరిగిన టైటానియంను ప్లాస్మా జ్వాలతో చిమ్మి తయారుచేసిన అతి గరుకు ఉపరితలాలు ఒకప్పుడు వాడుకలో ఉండి, తర్వాత వెనుకబడ్డాయి. ఎముకలోని ఖనిజాన్ని పోలిన హైడ్రాక్సీ అపటైట్ పూతలు తొలి వారాలలో ఇతర ఉపరితలాల కంటే మెరుగైన ఫలితమే ఇచ్చాయి. కానీ కాలక్రమంలో కొన్నింట ఆ పూత కరగడం, పొరలుగా ఊడడం గమనించారు. సగటున ఒకటి నుంచి రెండు మైక్రాన్ల మధ్యస్థ గరుకుదనమే మేలన్న అభిప్రాయం ప్రస్తుతం స్థిరపడింది.

మరో చిక్కు కూడా ఉన్నది. ఎముక పట్టుకోవడానికి అనువైన గరుకు తలం బ్యాక్టీరియాకు కూడా అనువైనదే. చిగురు తగ్గి ఇంప్లాంటు మెడ బయటపడితే ఆ గుంటలలో పాచి చేరుతుంది. శుభ్రం చేయడం కష్టమవుతుంది. చుట్టూ వాపు వచ్చి ఎముక క్షీణిస్తుంది. స్వీడన్‌లో సుమారు ఆరు వందల మంది రోగులను పరిశీలించి 2016లో ప్రచురించిన నివేదిక ప్రకారం, చికిత్స జరిగిన తొమ్మిదేళ్ల తర్వాత 14.5 శాతం మందిలో ఈ వ్యాధి మధ్యస్థ లేదా తీవ్ర స్థాయిలో కనిపించింది. నలభై ఏళ్లు నిలిచిన తొలి ఇంప్లాంట్లు నునుపువేనన్న సంగతి కూడా ఇక్కడ గమనార్హం. గరుకుదనం కోలుకోవడాన్ని వేగిరపరుస్తుంది. ఆ తర్వాతి దశాబ్దాల మన్నికకు మాత్రం రోగి పరిశుభ్రత, ఎముక స్థితి, వైద్యుని నైపుణ్యం, తరచు తనిఖీ అవసరం.

ఢిల్లీ ప్రయత్నం

ఈ నేపథ్యంలో ఢిల్లీలో జరిగిన కృషిని పరిశీలించవలసి ఉన్నది. శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి (సీఎస్ఐఆర్) నవ సహస్రాబ్ది సాంకేతిక నాయకత్వ పథకం కింద, బహదూర్ షా జఫర్ మార్గ్‌లోని మౌలానా ఆజాద్ దంత విజ్ఞాన సంస్థ, హౌజ్ ఖాస్‌లోని ఐఐటీ కలిసి స్వదేశీ దంత ఇంప్లాంటును రూపొందించాయి. దంత వైద్యం వైపు నుంచి ఆ సంస్థ అప్పటి డైరెక్టరు డాక్టర్ మహేశ్ వర్మ, ఇంజనీరింగ్ వైపు నుంచి ఐఐటీ మెకానికల్ విభాగం ప్రొఫెసర్ నరేశ్ భట్నాగర్ దీనికి సారథ్యం వహించారు. డాక్టర్ వర్మకు 2014లో పద్మశ్రీ లభించింది. దిగుమతి సరుకు ధర భరించలేని వారికి చౌకగా ఇంప్లాంటును అందుబాటులోకి తేవడం ఈ ప్రాజెక్టు ఉద్దేశం.

ఇంజనీరు, వైద్యుడు ఒకే బల్ల వద్ద కూర్చొని పనిచేయడం ఈ ప్రయత్నంలోని విశేషం. ప్రయోగశాల నుంచి రోగి వరకు దారి ఉన్నదని అది చూపింది. అయితే ప్రయోగశాలలో విజయం సాధించడం ఒకటి, మార్కెట్టులో విశ్వాసం గెలవడం మరొకటి. వైద్యుడు ఒక ఇంప్లాంటును ఎంచుకునేటప్పుడు ధరతో పాటు పదేళ్ల తర్వాత ఏమవుతుందన్న ప్రశ్ననూ తూకం వేస్తాడు. రోగి తిరిగి వచ్చి నిలదీసేది ఆయననే.

అనుకరణ సులభం, రుజువు కష్టం

విదేశీ సంస్థలు అమ్ముతున్నది ఈ ప్రశ్నకు సమాధానమే. కణధార, ఆమ్ల శుద్ధి జరిపిన స్విస్ ఇంప్లాంట్లు 303 మంది రోగులలో 511 అమర్చగా, పదేళ్ల తర్వాత 98.8 శాతం నిలిచి ఉన్నట్లు 2012లో ఒక నివేదిక వెలువడింది. ఇటువంటి రికార్డు తయారు కావడానికి పదేళ్ల కాలం తప్పదు. ఎంత పెట్టుబడి పెట్టినా ఆ వ్యవధిని తగ్గించలేరు.

కాగా శుద్ధి విధానం మాత్రం రహస్యమేమీ కాదు. పరిశోధనా పత్రికలలో దాని వివరాలు ప్రచురితమైనవే. అదే విధానం పేరు చెప్పుకునే ఇంప్లాంట్లను అనేక దేశాలలో అనేక సంస్థలు అమ్ముతున్నాయి. పేరు ఒకటే అయినంత మాత్రాన ఉపరితలం ఒకటే కాదు. కణాల పరిమాణం, ధార ఒత్తిడి, ఆమ్లాల గాఢత, ఉష్ణోగ్రత, ముంచి ఉంచిన నిమిషాలు, చివరగా కడిగే తీరు, వీటిలో దేనిలో మార్పు వచ్చినా ఫలితం మారుతుంది. కణధారలో వాడిన అల్యూమినా లోహంలో ఇరుక్కుని ఉండిపోవచ్చు. మూతతీయని ప్యాకెట్లలోని ఇంప్లాంట్లను జర్మనీ పరిశోధకులు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పరీక్షించినప్పుడు కొన్నింటిపై సేంద్రియ మలినాలు, లోహపు రేణువులు కనిపించాయి. కనుక చౌక సరుకు అంతా నాసి అని గానీ, ఖరీదైనదంతా మేలైనదని గానీ కంటితో చూసి తీర్పు చెప్పడం కుదరదు. పరీక్ష ఒక్కటే మార్గం.

విదేశీ రికార్డులు మన రోగికి ఎంతవరకు వర్తిస్తాయన్నది మరో ప్రశ్న. భారత వైద్య పరిశోధనా మండలి మద్దతుతో జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెలువడినప్పుడు దేశంలో మధుమేహ రోగుల సంఖ్య పది కోట్లు దాటినట్లు తేలింది. 2016-17 జాతీయ సర్వే ప్రకారం వయోజనులలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. అదుపులో లేని మధుమేహం, పొగాకు రెండూ ఎముక మానడాన్ని ఆలస్యం చేసి చిగుళ్ల వ్యాధిని పెంచేవే. యూరప్ రోగులలో మూడు నాలుగు వారాలలో పట్టుకున్న ఉపరితలం, గుట్కా అలవాటున్న మధుమేహ రోగి దవడలో ఎలా ప్రవర్తిస్తుందో చెప్పవలసినది మన రోగుల రికార్డే. ఆ రికార్డును సమకూర్చుకుంటే అది స్వదేశీ తయారీకి లభించే అసలైన బలమవుతుంది. విదేశీ సంస్థలు తమ దేశాలలో కూర్చొని దానిని సంపాదించలేవు.

చట్టం ఎంతవరకు?

నియంత్రణ వ్యవస్థ ఇటీవలి సంవత్సరాలలో బిగిసింది. వైద్య పరికరాల నియమావళి 2017లో వెలువడి 2018 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి వైద్య పరికరాలన్నింటినీ ఔషధాల చట్టం పరిధిలోకి తెచ్చారు. ప్రమాద స్థాయిని బట్టి పరికరాలను నాలుగు తరగతులుగా విభజించి, పై రెండు తరగతులకు 2023 అక్టోబర్ 1 నుంచి లైసెన్సు తప్పనిసరి చేశారు. ఆ తరగతుల తయారీ లైసెన్సు ఇచ్చే అధికారం ఢిల్లీలోని కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థకు ఉన్నది.

ధరల విషయానికి వస్తే, గుండె స్టెంట్లకు 2017 ఫిబ్రవరిలోనూ, మోకాలి ఇంప్లాంట్లకు అదే ఏడాది ఆగస్టులోనూ జాతీయ ఔషధ ధరల సంస్థ గరిష్ఠ పరిమితులు విధించింది. దంత ఇంప్లాంట్లకు అటువంటి పరిమితి లేదు. పరిమితి విధించాలన్న వాదన వినిపించవచ్చు. కానీ మర ధర తగ్గినా, దానితో పాటు అయ్యే శస్త్రచికిత్స, తొడుగు, ఎక్స్‌రేల ఖర్చు మిగిలే ఉంటుంది. పైగా ధర ఒక్కటే కొలబద్ద అయితే, తయారీదారు మొదట కోత పెట్టేది కంటికి కనిపించని ఉపరితల శుద్ధిపైనే కావచ్చునన్న భయం కూడా నిరాధారమైనది కాదు.

లైసెన్సు అన్నది మార్కెట్టులోకి ప్రవేశానికి అనుమతి మాత్రమే. తర్వాత ఏమైందో కనిపెట్టడానికి ఘజియాబాద్‌లోని భారత ఔషధ సంహితా సంఘం కేంద్రంగా 2015 జూలైలో వైద్య పరికరాల దుష్ఫలితాల నిఘా కార్యక్రమం ప్రారంభమైంది. వైద్యులు, ఆసుపత్రులు తమంతట తాము తెలియజేస్తేనే ఇక్కడ వివరాలు చేరతాయి. గల్లీలోని చిన్న దంత వైద్యశాలలో వదులైన ఒక ఇంప్లాంటు సమాచారం ఘజియాబాద్ వరకు చేరడం అరుదు.

జాడ లేకపోతే ఏమవుతుందో తుంటి ఇంప్లాంట్ల ఉదంతం చాటింది. 2010లో ప్రపంచవ్యాప్తంగా ఉపసంహరించిన ఒక రకం తుంటి ఇంప్లాంటును భారత్‌లో సుమారు 4,700 శస్త్రచికిత్సలలో వాడినట్లు తర్వాత వెల్లడైంది. వారిలో వెయ్యి మందికి కాస్త మించి మాత్రమే జాడ దొరికింది. మిగిలినవారి ఎముకలలో ఏమున్నదో వారికే తెలియని పరిస్థితి. దంత ఇంప్లాంటు వైఫల్యం ప్రాణాంతకం కాకపోవచ్చు. కానీ రోగి చేతిలో కాగితం లేకపోతే నష్టపోయేది ఆ రోగియే.

తెలుగు నేలపై వనరులు

ముడిసరుకు, పరిజ్ఞానాల విషయంలో దేశానికి లోటు లేదు. శ్రీకాకుళం నుంచి కేరళ వరకు తీరపు ఇసుకలో టైటానియం ఖనిజమైన ఇల్మెనైట్ నిక్షేపాలున్నాయి. హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనాలయం రూపొందించిన పరిజ్ఞానంతో కేరళలోని చవరలో ఏటా 500 టన్నుల సామర్థ్యంగల టైటానియం స్పాంజ్ కర్మాగారం 2011లో ప్రారంభమైంది. హైదరాబాద్‌లోని మిశ్ర ధాతు నిగమ్ వైద్య ఇంప్లాంట్లకు పనికివచ్చే టైటానియం లోహాలను తయారు చేస్తున్నది. అదే నగరంలోని బాలాపూర్ వద్ద గల అంతర్జాతీయ చూర్ణ లోహ పరిశోధనా కేంద్రం సూక్ష్మ విద్యుత్ మెరుపులతో లోహాలపై ఆక్సైడ్ పొరను పెంచే పరిజ్ఞానంలో పేరు గడించింది. స్వీడన్ సంస్థ 2000లో వాడిన ప్రక్రియకు ఇది దగ్గరి బంధువే. విశాఖపట్నంలోని వైద్య పరికరాల పార్కులో పరీక్షా సదుపాయాలున్నాయి. నోయిడా సమీపాన యమునా ఎక్స్‌ప్రెస్ మార్గం వెంట మరో వైద్య పరికరాల పార్కును కేంద్ర సహాయంతో తలపెట్టారు. 2020లో ప్రకటించిన 3,420 కోట్ల రూపాయల ఉత్పత్తి ప్రోత్సాహక పథకంలోనూ ఇంప్లాంట్లకు చోటు దక్కింది.

మన ముందు ఒక పాఠం కూడా ఉన్నది. 1990 దశకంలో హైదరాబాద్‌లో రూపొందిన కలాం–రాజు స్టెంట్ స్వదేశీ వైద్య పరికరాలపై ఆశలు రేపింది. అయినా ఆ తర్వాత రెండు దశాబ్దాల పాటు స్టెంట్ల మార్కెట్టులో విదేశీ తయారీల ఆధిక్యం కొనసాగింది. మరోవైపు తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థ రూపొందించిన గుండె కవాటం 1990లో తొలిసారి రోగికి అమర్చినది మొదలు దశాబ్దాల తరబడి నిలిచి, లక్షకు పైగా రోగులకు చేరింది. ఏళ్ల తరబడి రోగులను వెంటాడి ఫలితాలు నమోదు చేసి ప్రచురించడం ఆ విజయానికి తోడ్పడింది.

చేయవలసినది

పరిష్కారానికి భారీ వ్యయం అవసరం లేదు. ఢిల్లీలోనే అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ దంత విద్యా కేంద్రం, మౌలానా ఆజాద్ సంస్థ ఉన్నాయి. రోజూ వచ్చే రోగుల సంఖ్య దృష్ట్యా ఇంప్లాంట్ల జాబితాను తయారు చేయడానికి ఇంతకంటే అనువైన చోటు లేదు. ఏ తయారీ, ఏ బ్యాచి, ఎటువంటి ఎముక, రోగికి మధుమేహం, పొగాకు అలవాటు ఉన్నవా, ఏటేటా స్థితి ఏమిటి అన్న కొద్ది వివరాలు చాలు. స్వీడన్ 1979లో తుంటి ఇంప్లాంట్లకు ఇటువంటి జాతీయ రిజిస్టరును ప్రారంభించింది. నాసి రకాలను వెతికి పట్టడంలో అది ఎంతో ఉపకరించింది.

ఉపరితలాన్ని కొలిచే బాధ్యతను ప్రభుత్వ ప్రయోగశాలలు తీసుకోవచ్చు. దేశ కొలతల ప్రమాణాలకు సంరక్షకురాలైన జాతీయ భౌతిక ప్రయోగశాల ఢిల్లీలోని పూసాలోనే ఉన్నది. మార్కెట్టు నుంచి నమూనాలు కొని, స్వదేశీ, విదేశీ భేదం లేకుండా గరుకుదనాన్ని, మలినాలను పరీక్షించి ఫలితాలను బహిరంగపరిస్తే, మంచి సరుకు తయారుచేసే చిన్న సంస్థకు అంతకు మించిన ప్రచారం అక్కరలేదు.

మూడవది రోగి చేతిలోని కాగితం. ఇంప్లాంటు ప్యాకెట్టులో బ్యాచి సంఖ్యగల చీటీలు ఉంటాయి. వాటిలో ఒకటి రోగికి ఇవ్వడం తప్పనిసరి చేస్తే, పదేళ్ల తర్వాత మరో ఊరిలో మరో వైద్యుని వద్దకు వెళ్లినా ఏ మర బిగించారో తెలుస్తుంది. అంతవరకు చికిత్సకు వెళ్లేవారు తయారీదారు పేరు, బ్యాచి సంఖ్య, ఉపరితల శుద్ధి రకం రసీదుపై రాసి ఇమ్మని అడగడం మేలు.

దేశీయ వైద్య పరికరాల మార్కెట్టు విలువ 2020లో సుమారు 90 వేల కోట్ల రూపాయలని కేంద్రం 2023 విధాన ప్రకటనలో పేర్కొన్నది. ఇందులో దంత ఇంప్లాంట్ల వాటా చిన్నదే కావచ్చు. కానీ స్వదేశీ పరికరాల విషయంలో మన ఆలోచనా సరళికి ఇది మంచి పరీక్ష. మరను కోయగలమని ఢిల్లీ ఇప్పటికే చూపింది. దానిపై ఉన్న ఒకటి రెండు మైక్రాన్ల పొర నమ్మదగినదని రోగుల రికార్డులతో రుజువు చేసినప్పుడే, దిగుమతి సరుకు పక్కన స్వదేశీ ఇంప్లాంటు సమాన హోదాతో నిలబడుతుంది. ఆ పని ఎంత ఆలస్యమైతే, అధిక ధర చెల్లించే రోగులు, చౌక ధరకు ఆశపడి నష్టపోయే రోగులు అంతగా పెరుగుతారు.